చీటీ మీద ఆ అక్షరాలకు అర్థమేంటి? మందుల చీటీ, ల్యాబ్ రిపోర్టు, డిశ్చార్జి పేపర్ల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ సూర్యారావుపేటలో గానీ, గుంటూరు కొత్తపేటలో గానీ సాయంత్రం ఓపీ ముగిసే వేళ ఏ మందుల షాపు ముందు నిలబడినా ఇవే ప్రశ్నలు వినిపిస్తాయి. డాక్టరు గారి గదిలో దొరికిన నాలుగు నిమిషాల్లో అడగలేకపోయినవన్నీ కౌంటర్ దగ్గర బయటికొస్తాయి. కొందరు అక్కడా అడగరు. తెనాలి బస్సో గుడివాడ బస్సో ఎక్కేసి, ఇంటికెళ్ళాక చదువుకున్న పిల్లల చేత చదివించుకుంటారు. కౌంటర్ వెనక పనిచేస్తూ విన్న ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాను. ఇది చదివి మీరంతట మీరు మోతాదు మార్చుకోవద్దు. ఏం రాశారో తెలుసుకుని, తెలియనిది ధైర్యంగా అడగడానికి మాత్రమే ఈ పేజీ.

చీటీ మీద 1-0-1 అని ఉంది. అంటే ఏంటి?

పొద్దున ఒకటి, మధ్యాహ్నం లేదు, రాత్రి ఒకటి. 0-0-1 అంటే రాత్రి ఒక్కటే. 1-1-1 అంటే మూడు పూటలా. ½-0-½ అని ఉంటే పొద్దున సగం, రాత్రి సగం. పక్కన '× 5' అని ఉంటే ఐదు రోజులు వాడమని అర్థం, ఐదు మాత్రలు అని కాదు. ఇక్కడ చాలామంది తికమకపడతారు. రోజుకు మూడు చొప్పున ఐదు రోజులంటే పదిహేను మాత్రలు. షాపులో ఒక స్ట్రిప్ ఇచ్చి పంపితే లెక్క సరిపోయిందో లేదో అక్కడే చూసుకోండి.

ఓడీ, బీడీ, టీడీఎస్, హెచ్ఎస్... ఇవన్నీ ఏంటి?

ఎక్కువ భాగం లాటిన్ మాటలకు పొట్టి రూపాలు. ఓడీ అంటే రోజుకు ఒకసారి, బీడీ అంటే రెండుసార్లు, టీడీఎస్ లేదా టీఐడీ అంటే మూడుసార్లు, క్యూఐడీ అంటే నాలుగుసార్లు. హెచ్ఎస్ అంటే రాత్రి పడుకునే ముందు. ఏసీ అంటే అన్నానికి ముందు, పీసీ అంటే అన్నం తిన్నాక. బీబీఎఫ్ అంటే పొద్దున టిఫిన్‌కి ముందు. స్టాట్ అంటే ఆలస్యం లేకుండా ఇప్పుడే ఇవ్వాలని. అది ఎక్కువగా వార్డులో నర్సుల కోసం రాస్తారు.

కంటి డాక్టరు చీటీలో మాత్రం జాగ్రత్త. అక్కడ ఓడీ అంటే కుడి కన్ను అని కూడా అర్థం ఉంది. ఓఎస్ అంటే ఎడమ కన్ను, ఓయూ అంటే రెండు కళ్ళూ. మన దగ్గర చాలామంది కంటి డాక్టర్లు ఆర్ఈ, ఎల్ఈ, బీఈ అని రాస్తారు, అది కాస్త నయం. చుక్కల మందు 'ఓడీ' అని ఉంటే రోజుకు ఒకసారి వేయాలా, కుడి కంట్లో వేయాలా అన్నది ఊహించకండి, అడగండి. శుక్లాల ఆపరేషన్ అయిన పెద్దవాళ్ళ విషయంలో ఇది చిన్న సంగతి కాదు.

రోజుకు రెండుసార్లు అంటే ఏ టైముకి వేసుకున్నా ఫర్వాలేదా?

లేదు. సుమారు పన్నెండు గంటల తేడా ఉండాలి. పొద్దున పదకొండుకి ఒకటి, సాయంత్రం ఐదుకి ఒకటి వేసుకుంటే రెండు మోతాదులు దగ్గర పడి, ఆ తర్వాత రాత్రంతా ఖాళీ వస్తుంది. యాంటీబయాటిక్స్‌కి ఈ తేడా ముఖ్యం. 'క్యూ8హెచ్' అని రాస్తే ఎనిమిది గంటలకోసారి అని.

పరగడుపున అంటే కాఫీ తాగొచ్చా?

థైరాయిడ్ మాత్ర విషయంలో తాగకూడదు. మంచినీళ్ళతో మాత్ర వేసుకుని కనీసం అరగంట, వీలైతే గంట ఆగాకే కాఫీ, టిఫిన్. క్యాల్షియం, ఐరన్ మాత్రలు కూడా వాడుతుంటే వాటికీ థైరాయిడ్ మాత్రకీ నాలుగు గంటల ఎడం ఉండాలి. లేకపోతే మందు ఒంటికి సరిగా పట్టదు. మోతాదు పెంచినా టీఎస్‌హెచ్ (రక్తపరీక్షలో చూసే థైరాయిడ్ అంకె) దిగడం లేదని బాధపడేవాళ్ళలో కొందరికి కారణం ఈ కాఫీయే.

ఎస్ఓఎస్ అని రాశారు. ప్రాణాపాయం వస్తేనే వేసుకోవాలా?

కాదు. అవసరమైతేనే వేసుకోండి అని. జ్వరం ఉంటే, నొప్పి ఉంటే వేసుకోవాలి, లేకపోతే వద్దు. అయితే ఎన్ని డిగ్రీలు దాటితే వేసుకోవాలి, రెండు మాత్రల మధ్య ఎన్ని గంటలుండాలి, రోజుకు ఎన్నికి మించకూడదు అన్నవి ఎస్ఓఎస్ అన్న మూడక్షరాల్లో ఉండవు. అడిగి చీటీ మీదే రాయించుకోండి. పారాసెటమాల్ అయితే మాత్రకీ మాత్రకీ నాలుగు నుంచి ఆరు గంటలుండాలి. డోలో 650 వేసుకుంటూ జలుబు మాత్ర కూడా వేసుకునేవాళ్ళు ఆ జలుబు మాత్ర స్ట్రిప్ వెనక చూడండి. చాలావాటిలో పారాసెటమాల్ ఉంటుంది. రెండూ కలిస్తే తెలియకుండానే మోతాదు పెరిగి లివర్ మీద పడుతుంది.

మందు పేరు పక్కన హెచ్, ఏఎం, ఎస్ఆర్, డీటీ లాంటి అక్షరాలు ఎందుకుంటాయి? అవి లేకుండా ఇస్తే తీసుకోవచ్చా?

తీసుకోకండి, అది వేరే మందు. ఉదాహరణకు టెల్మా 40లో ఉండేది బీపీ మందు టెల్మిసార్టాన్ ఒక్కటే. టెల్మా హెచ్‌లో దానితోపాటు ఒంట్లో నీరు తగ్గించే మందు ఉంటుంది, టెల్మా ఏఎంలో ఆమ్లోడిపిన్ ఉంటుంది. పాన్ 40కీ పాన్ డీకీ తేడా కూడా అంతే. డీ ఉన్నదాంట్లో వాంతులు తగ్గించే డాంపెరిడోన్ కలిసి ఉంటుంది.

ఎస్ఆర్, ఎక్స్ఆర్, సీఆర్, ఈఆర్ అంటే మందు నెమ్మదిగా, గంటల తరబడి విడుదలయ్యే మాత్ర. మింగలేకపోతున్నారని పెద్దవాళ్ళకు ఈ మాత్రల్ని పొడి చేసి ఇవ్వకూడదు. రోజంతా పనిచేయాల్సిన మందు ఒక్కసారే రక్తంలోకి దిగుతుంది. డీటీ అయితే నీళ్ళలో కరిగించి ఇచ్చే మాత్ర, పిల్లలకు ఎక్కువగా రాస్తారు.

ఎంజీ, ఎంసీజీ, యూనిట్లు... అంకె ఒక్కటే అయితే సరిపోదా?

ఈ ప్రశ్న దగ్గర కొంచెం నిదానంగా చదవండి. మందుల వల్ల జరిగే ఘోరమైన పొరపాట్లు ఎక్కువగా ఇక్కడే పుడతాయి.

ఒక మిల్లీగ్రాములో వెయ్యి మైక్రోగ్రాములు. థైరాయిడ్ మాత్ర 25, 50, 100 అన్నది మైక్రోగ్రాముల్లో, బీపీ మాత్ర 40 అన్నది మిల్లీగ్రాముల్లో. 0.5 అన్నదాన్ని '.5' అని రాస్తే చుక్క కనపడక 5 అవుతుంది. 5.0 అని రాస్తే 50 అవుతుంది. అందుకే చుక్కకు ముందు సున్నా పెట్టాలి, చుక్క తర్వాత అనవసరపు సున్నా పెట్టకూడదు అన్నది ప్రపంచమంతా ఆసుపత్రులు పాటించాలనుకునే నియమం.

ఇన్సులిన్ సంగతి ఇంకా జాగ్రత్త. 10 యూనిట్లు అని రాయాల్సిన చోట అంకె పక్కన ఇంగ్లీషు 'యూ' అక్షరం ఒక్కటే రాస్తే అది సున్నాలా కనపడి 100గా చదివే ప్రమాదం ఉంది. యూనిట్లు అని పూర్తిగా రాయమని అడగండి. మన దేశంలో ఇన్సులిన్ ఎక్కువగా రెండు గాఢతల్లో దొరుకుతుంది. చాలా సీసాల్లో మిల్లీలీటరుకు 40 యూనిట్లు, పెన్నుల్లో వాడే కార్ట్రిడ్జ్‌లలో మిల్లీలీటరుకు 100 యూనిట్లు. 100 రకం సీసాలూ వస్తున్నాయి. సిరంజీలు కూడా రెండు రకాలే: 40 దానికి ఎర్ర మూత, 100 దానికి నారింజ రంగు మూత. 100 రకం ఇన్సులిన్‌ని ఎర్ర మూత సిరంజిలోకి తీస్తే, సిరంజి మీద 20 గీత దాకా తీసినా ఒంట్లోకి వెళ్ళేది 50 యూనిట్లు. షుగర్ ఒక్కసారిగా పడిపోయి మనిషి స్పృహ తప్పుతారు. కొత్త సీసా కొన్న ప్రతిసారీ సీసా మీద అంకె, సిరంజి మూత రంగు రెండూ పక్కపక్కన పెట్టి చూడండి.

ఇన్సులిన్ డబ్బా మీద 2-8 డిగ్రీలు అని ఉండేది తెరవని సీసాను దాచాల్సిన చల్లదనం. ఫ్రిజ్‌లో పెట్టాలి, పైన ఐస్ గదిలో మాత్రం కాదు. వాడుతున్న సీసాను బయట పెట్టొచ్చంటారు గానీ, మే నెలలో బెజవాడ ఇంట్లో గది వేడి చూశాక నేను ఆ మాట చెప్పను. అదీ ఫ్రిజ్‌లోనే ఉంచండి.

కీళ్ళవాతానికి, సోరియాసిస్‌కి ఇచ్చే మెథోట్రెక్సేట్ కూడా ఇక్కడే చెప్పాలి. ఆ జబ్బులకు దాన్ని వారానికి ఒకే రోజు వేసుకోవాలి. రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. ఏ రోజో చీటీ మీద పేరుతో సహా రాయించుకోండి: 'ఆదివారం మాత్రమే' అని.

స్ట్రిప్ మీద ఎర్ర గీత దేనికి?

డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని, సొంతంగా వాడకూడని మందు అని. ఎక్స్‌పైరీ దగ్గర నెల, సంవత్సరం మాత్రమే ఉంటే ఆ నెల ఆఖరి రోజు దాకా వాడొచ్చు.

సీబీపీ రిపోర్టులో కొన్ని అంకెలు నల్లగా అచ్చేసి పక్కన 'హెచ్', 'ఎల్' అని పెట్టారు. జబ్బు ఉన్నట్టేనా?

సీబీపీ అంటే రక్తకణాల పూర్తి లెక్క. వేరే రాష్ట్రాల్లో దీన్నే సీబీసీ అంటారు. హెచ్ అంటే ఎక్కువ, ఎల్ అంటే తక్కువ. ఆ గుర్తు కంప్యూటర్ పెడుతుంది, డాక్టరు పెట్టరు.

పక్కన ఇచ్చే మామూలు హద్దుల్ని ఎలా తేలుస్తారో తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది. ఆరోగ్యంగా ఉన్న ఎంతోమందికి పరీక్ష చేసి, వాళ్ళలో నూటికి 95 మంది ఏ అంకెల మధ్య ఉన్నారో చూసి సాధారణంగా ఆ హద్దు గీస్తారు. అంటే ఏ జబ్బూ లేని ఇరవై మందిలో ఒకరు ఆ హద్దు బయటే ఉంటారు. ఒకే రిపోర్టులో ఇరవై అంకెలుంటే ఒకటో రెండో గీత దాటి కనపడటం మామూలే. గీతకు ఎంత దూరంలో ఉంది, పోయినసారి ఎంత ఉంది, మనిషికి ఏం బాధ ఉంది అన్నవి చూసి డాక్టరు తేలుస్తారు. అందుకే పాత రిపోర్టులు పారేయకండి. హద్దులు ల్యాబ్‌ని బట్టి కూడా కొంచెం మారతాయి కాబట్టి ఒకే పరీక్షను వీలైనంతవరకు ఒకే ల్యాబ్‌లో చేయించుకోవడం మంచిది.

ప్లేట్‌లెట్లు ఒక ల్యాబ్‌లో 1.8 అని, ఇంకో ల్యాబ్‌లో 180 అని ఇచ్చారు. పెరిగాయా?

రెండూ ఒకటే. మొదటిది లక్షల్లో, రెండోది వేలల్లో. అంకె పక్కన చిన్న అక్షరాల్లో ఉండే కొలతను కూడా చదవాలి. పెద్దవాళ్ళకు లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల వరకు మామూలు.

డెంగీ రిపోర్టులో ఎన్ఎస్1, ఐజీఎం, ఐజీజీ అని మూడున్నాయి. ఏది చూడాలి?

జ్వరం వచ్చి ఎన్నో రోజన్నదాన్ని బట్టి. ఎన్ఎస్1 అన్నది వైరస్‌లోని ఒక ప్రోటీన్, జ్వరం మొదలైన తొలి రోజుల్లోనే దొరుకుతుంది. ఐజీఎం మన ఒళ్ళు తయారుచేసే యాంటీబాడీ, సుమారు ఐదో రోజు నుంచి కనపడుతుంది. ఐజీజీ ఒక్కటే పాజిటివ్ అయితే ఎప్పుడో పాతది అయ్యుండొచ్చు. అందుకే రెండో రోజు ఐజీఎం నెగెటివ్ వచ్చిందని డెంగీ కాదనుకోకూడదు.

వానలు మొదలయ్యాక ప్రతి ఇంట్లో ప్లేట్‌లెట్ల అంకె ఒక్కటే మాట్లాడుకుంటారు. నిజానికి జ్వరం తగ్గుతున్న ఒకటి రెండు రోజులే ఎక్కువ కాచుకోవాల్సినవి. కడుపులో విపరీతమైన నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచి రక్తం, మగతగా పడిపోవడం, మూత్రం తగ్గిపోవడం... వీటిలో ఏది కనపడినా అంకె ఎంతున్నా ఆసుపత్రికి వెళ్ళాలి.

విడాల్ పరీక్ష గురించి కూడా ఒక మాట. అది పాజిటివ్ వస్తే టైఫాయిడ్ అని ఖాయం చేసేస్తాం మనం. పాత జ్వరాలకీ, వేరే ఇన్ఫెక్షన్లకీ కూడా అది పాజిటివ్ రావచ్చు. గట్టిగా తేల్చేది బ్లడ్ కల్చర్ (రక్తంలోని క్రిమిని పెంచి చూసే పరీక్ష), అదీ యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందు రక్తం తీస్తే.

ఎఫ్‌బీఎస్, పీపీబీఎస్, ఆర్‌బీఎస్, హెచ్‌బీఏ1సీ... షుగర్‌కి ఇన్ని పరీక్షలెందుకు?

ఎఫ్‌బీఎస్ అంటే పరగడుపున, కనీసం ఎనిమిది గంటలు ఏమీ తినకుండా చేసేది. 100 లోపు మామూలు, 126 అంతకుమించితే షుగర్ వ్యాధి. పీపీబీఎస్ తిన్న రెండు గంటలకు చేసేది. ఆ రెండు గంటలు మొదటి ముద్ద నుంచి లెక్కపెట్టాలి. ఆర్‌బీఎస్ ఎప్పుడైనా చేసేది. హెచ్‌బీఏ1సీ సుమారు గడిచిన మూడు నెలల సగటు చెబుతుంది: 5.7 లోపు మామూలు, 5.7 నుంచి 6.4 దాకా షుగర్ ముందు దశ, 6.5 నుంచి షుగర్. పరీక్షకు ముందు రెండు రోజులు అన్నం మానేసి ఎఫ్‌బీఎస్‌ని తగ్గించుకోవచ్చు గానీ దీన్ని తగ్గించలేం. రక్తహీనత బాగా ఉన్నవాళ్ళలో మాత్రం ఈ అంకె తప్పు చెప్పొచ్చు, డాక్టరుకు ఆ సంగతి గుర్తుచేయండి.

'నెగెటివ్' అంటే చెడ్డదా?

పరీక్షలో వెతికింది దొరకలేదని అర్థం. చాలాసార్లు అది మంచి కబురే. 'నాన్ రియాక్టివ్' కూడా అంతే. ఆపరేషన్‌కి ముందు హెచ్ఐవీ, హెచ్‌బీఎస్ఏజీ (హెపటైటిస్ బి), హెచ్‌సీవీ (హెపటైటిస్ సి) పరీక్షలు మామూలుగా చేస్తారు, మీమీద అనుమానంతో కాదు. ఎన్ఏడీ అంటే తేడా ఏమీ కనపడలేదు, డబ్ల్యూఎన్ఎల్ అంటే హద్దుల్లోనే ఉంది. బయాప్సీలో 'బినైన్' అంటే క్యాన్సర్ కాని గడ్డ, 'మాలిగ్నెంట్' అంటే క్యాన్సర్.

టూడీ ఎకోలో ఈఎఫ్ 60 శాతం అని ఉంది. నాన్న గుండె నలభై శాతం పాడైపోయినట్టా?

కాదు, బాగుంది. ఈ ప్రశ్న కన్నీళ్ళతో అడిగినవాళ్ళను చూశాను, అందుకే గట్టిగా చెబుతున్నా. గుండె ఎడమ గదిలో నిండిన రక్తంలో ఒక్కో దెబ్బకు ఎంత భాగం బయటికి తోస్తుందో చెప్పేదే ఈఎఫ్. ఎంత ఆరోగ్యమైన గుండె అయినా నూటికి నూరు తోయదు. సుమారు 55 నుంచి 70 మధ్య ఉంటే మామూలే. 40 అంతకంటే తక్కువైతే గుండె బలహీనపడిందని జాగ్రత్త తీసుకుంటారు. 'గ్రేడ్ 1 డయాస్టాలిక్ డిస్‌ఫంక్షన్' (దెబ్బకీ దెబ్బకీ మధ్య గుండె కండరం సడలడం కాస్త నెమ్మదించడం) అన్నది అరవై దాటిన చాలామంది రిపోర్టుల్లో కనపడుతుంది. 'ఆర్‌డబ్ల్యూఎంఏ' అని ఉంటే మాత్రం గుండె గోడలో ఒక భాగం సరిగా కదలడం లేదని, దాని గురించి డాక్టరును తప్పక అడగండి.

స్కానింగ్ రిపోర్టు నాలుగు పేజీలుంది. ఏది చదవాలి?

చివర 'ఇంప్రెషన్' అని ఉన్న భాగం. దాని కింద 'క్లినికల్ కోరిలేషన్ సూచించడమైనది' అన్నట్టు ఉంటుంది. స్కాన్‌లో కనపడినదాన్ని మనిషి బాధతో పోల్చి చూసి తేల్చమని రేడియాలజిస్టు మీ డాక్టరును కోరుతున్నారు. ఇది ఊరికే రాసే వాక్యం కాదు. నడుము ఎంఆర్ఐలో 'డిస్క్ బల్జ్' నడుంనొప్పి అస్సలు లేనివాళ్ళలో కూడా కనపడుతుంది. రిపోర్టులో మాట చూసి ఆపరేషన్‌కి భయపడిపోకండి.

డిశ్చార్జి పేపర్‌లో జబ్బు పేరు ముందు ప్రశ్నార్థకం ఉంది. ఇన్సూరెన్స్ వాళ్ళు అడుగుతున్నారు.

ప్రశ్నార్థకం అంటే అనుమానం, ఇంకా తేలలేదని. తేలిన తర్వాత కూడా అది అలాగే ఉండిపోతే సరిదిద్ది ఇమ్మని అడగండి. అదే పేపర్‌లో సీ/ఓ అంటే రోగి చెప్పిన బాధలు, హెచ్/ఓ అంటే గతంలో ఉన్నవి, కే/సీ/ఓ అంటే ముందే తెలిసిన జబ్బు, ఎస్/పీ అంటే ఫలానా ఆపరేషన్ అయినవారు. డీఎం షుగర్, హెచ్‌టీఎన్ బీపీ, సీఏడీ గుండె రక్తనాళాల జబ్బు, సీకేడీ దీర్ఘకాల కిడ్నీ జబ్బు, సీవీఏ పక్షవాతం. 'క్రానిక్' అంటే ముదిరిందని కాదు, చాలాకాలంగా ఉన్నదని. 'అక్యూట్' అంటే హఠాత్తుగా వచ్చినది. ఎన్నేళ్ళుగా ఉందో రాసే అంకెను మాత్రం తప్పక చూడండి. రెండేళ్ళ షుగర్‌ని పన్నెండేళ్ళని రాస్తే క్లెయిమ్ దగ్గర ఇబ్బంది వస్తుంది. బిల్లు కట్టే తొందరలో ఎవరూ చదవరు. చదవండి.

అమ్మాయి గర్భిణీ కార్డులో జీ2 పీ1 ఎల్1, ఎల్ఎంపీ, ఈడీడీ అని రాశారు.

జీ2 అంటే ఇది రెండో గర్భం, పీ1 అంటే ఒక కాన్పు అయింది, ఎల్1 అంటే ఒక బిడ్డ ఉంది. 'ఏ' ఉంటే గర్భం పోయిన సంఖ్య. ఎల్ఎంపీ ఆఖరి నెలసరి మొదటి రోజు. దానికి 280 రోజులు కలిపితే ఈడీడీ, కాన్పు అంచనా తేదీ. సరిగ్గా ఆ రోజే కాన్పు అయ్యేది కొద్దిమందికే కాబట్టి అంతకు ముందు రెండు మూడు వారాల నుంచే సిద్ధంగా ఉండాలి. ఎల్ఎస్‌సీఎస్ అంటే సిజేరియన్.

ఎన్‌పీఓ, ఎంఎల్‌సీ, లామా... వార్డులో వినపడే మాటలు?

ఎన్‌పీఓ లేదా ఎన్‌బీఎం అంటే నోటి ద్వారా ఏమీ ఇవ్వకూడదని. ఆపరేషన్ ముందు ప్రేమకొద్దీ గుక్కెడు కాఫీ పట్టించినా మత్తు ఇచ్చేటప్పుడు అది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. ఎంఎల్‌సీ అంటే ప్రమాదం, కాలిన గాయాలు, విషం లాంటి కేసుల్లో ఆసుపత్రి పోలీసులకు తెలియజేయాల్సిన నమోదు. అది మీమీద కేసు పెట్టడం కాదు. లామా లేదా డామా అంటే డాక్టరు వద్దన్నా మా ఇష్టంతో వెళ్తున్నామని సంతకం పెట్టి వెళ్ళిపోవడం. డబ్బు చాలక గుంటూరు జనరల్ హాస్పిటల్‌కో మంగళగిరి ఎయిమ్స్‌కో మారుద్దామనుకుంటే లామా మీద సంతకం పెట్టే ముందు 'రిఫర్ చేసి, చీటీ రాసివ్వగలరా' అని అడగండి. రిఫరల్ చీటీ, ఇప్పటిదాకా ఇచ్చిన మందుల వివరం చేతిలో ఉంటే అక్కడ వైద్యం మొదటి నుంచి మొదలుపెట్టాల్సిన పని ఉండదు.

రాత అర్థం కాకపోతే అడిగే హక్కు మనకుందా? ఫైల్ కాపీ ఇవ్వమంటే ఇస్తారా?

రెండింటికీ ఉంది. డాక్టర్ల వృత్తి నియమావళికి 2016లో చేసిన సవరణ ప్రకారం మందుల జెనరిక్ పేర్లను చదవడానికి వీలుగా, వీలైతే ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో రాయాలి. 2002 నాటి అదే నియమావళి ప్రకారం రోగి గానీ, రోగి తరఫున అధికారం ఉన్నవారు గానీ అడిగితే 72 గంటల్లో వైద్య రికార్డులు ఇవ్వాలి. కాగితం మీద రాసి, తేదీ వేసి, అందినట్టు ముద్ర వేయించుకుని అడగండి.

కౌంటర్ దగ్గర గుంపుగా ఉంటుంది. తక్కువ మాటల్లో ఏం అడగాలి?

ఇది దేనికి, ఎప్పుడు వేసుకోవాలి, ఎన్ని రోజులు, పాత మందుల్లో ఏది ఆపాలి. ఈ నాలుగోది ఎవరూ అడగరు. పాత బీపీ మాత్రా కొత్త బీపీ మాత్రా రెండూ కలిపి వేసుకుని కళ్ళు తిరిగి పడిపోయేది అందుకే. వెళ్ళేటప్పుడు ఇంట్లో వాడుతున్న స్ట్రిప్పులన్నీ ఒక కవర్లో వేసుకుని తీసుకెళ్ళండి. ఆయుర్వేద మందులూ, నొప్పులకు పక్కింటివాళ్ళు ఇచ్చిన బిళ్ళలూ కూడా ఆ కవర్లోనే ఉండాలి.